ఈ ఏడైనా ఊరివాళ్లమయ్యామా

టామ్లిన్‌లో ఎటు చూసినా నేను పేర్చిన రాళ్లే కనిపిస్తాయి. పొలానికీ పొలానికీ మధ్య, గొర్రెల దొడ్ల చుట్టూ, సమాధుల చుట్టూ, ఆఖరికి ప్రార్థన మందిరం వెనక గుర్రాలు కట్టేసే చోట కూడా. ఈ మసాచుసెట్స్ కొండల్లో నేల బాగా పండించేది రాళ్లనే. చలికాలంలో నేల ఉబ్బుతుంది, మంచు కరిగాక కుంగుతుంది, ప్రతి వసంతంలోనూ గోడల మీంచి నాలుగు రాళ్లు దొర్లిపడతాయి. అప్పుడు జనానికి నేను గుర్తొస్తాను. "అసా పైక్‌ని పిలవండి," అంటారు. వెళ్లి ఎక్కించి వస్తాను. అందరి హద్దులూ కట్టినవాడికి సొంతంగా అడుగు నేల లేదని నేనెప్పుడూ ఏడవలేదు. రాళ్లు మోసేవాడికి పొలం కూడా ఎందుకు, నడుం నొప్పి ఉందిగా.

నన్ను లోపల తినేసింది వేరే సంగతి. పదిహేడేళ్లు ఈ ఊళ్లో ఉన్నా నేను ఈ ఊరివాణ్ణి కాలేదు.

అదెలాగో చెబుతాను. మేం సముద్రపు ఒడ్డు నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు మా అబ్బాయి సేత్‌కి నాలుగేళ్లు. మా ఆవిడ పేరు థాంక్‌ఫుల్. కృతజ్ఞత గలది అని అర్థం. దేనికి కృతజ్ఞతో ఆ పేరు పెట్టిన మామగారే చెప్పాలి. ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న వైభవమంతా నీలం అంచు పింగాణీ పళ్లేలు మూడు. వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం లూథర్ వాదమ్ మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇప్పుడైతే ఊరి పెద్దల్లో ఒకడు గానీ అప్పుడు కుర్ర కానిస్టేబుల్. ఊళ్లోంచి మమ్మల్ని పలకరించడానికి వచ్చిన మొదటి మనిషని థాంక్‌ఫుల్ పొంగిపోయింది. పెట్టె తెరిచి, పింగాణీ పళ్లెం తీసి, అందులో ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన 'పై' పెట్టి ఇచ్చింది. అతను కూర్చుని తిన్నాడు. బాగుందన్నాడు. మూతి తుడుచుకుని, జేబులోంచి కాగితం తీసి చదివాడు. అసాహెల్ పైక్, అతని భార్య, అతని బిడ్డ పద్నాలుగు రోజుల్లో ఈ ఊరు విడిచి వెళ్లాలని ఊరి పెద్దల హెచ్చరిక.

నిజంగా వెళ్లనక్కర్లేదు. ఆ మాట కూడా అతనే చెప్పాడు, పై తిన్న మొహమాటంతో. ఎవరూ మెడపట్టి గెంటరు. ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, పన్ను కట్టొచ్చు, ఆదివారం మందిరంలో వెనక బల్ల మీద కూర్చోవచ్చు. కాకపోతే రేపు మంచాన పడితే, తిండికి లేకపోతే, మనల్ని సాకే బాధ్యత ఊరిది కాదు. బండెక్కించి వచ్చిన చోటికి పంపేస్తారు. కొత్తగా వచ్చిన ప్రతి పేదవాడికీ ఆ కాగితం చదవడం ఇక్కడి ఆనవాయితీ. హెచ్చరిక పడడం అంటారు దాన్ని. ఒకసారి పడ్డాక, ఊరంతా సభలో చేతులెత్తి ఇతను మనవాడే అంటే తప్ప పోదు.

అతను వెళ్లాక థాంక్‌ఫుల్ లేచింది. పళ్లెం కడిగి, తుడిచి, ఎండుగడ్డిలో చుట్టి, మిగతా రెండింటి పక్కన పెట్టేసి పెట్టె మూసింది.

"ఎప్పుడు బండెక్కమంటారో తెలియనప్పుడు అరల్లో సర్దుకోవడం ఎందుకు," అంది.

అప్పట్నుంచి చెక్క పళ్లేల్లోనే తిన్నాం. ప్రతి ఏడూ మార్చిలో ఊరి సభ జరుగుతుంది. ఆ రోజు నేను మందిరం బయట నిలబడి, వచ్చేపోయేవాళ్లతో గోడల పని మాట్లాడుకుని ఇంటికొచ్చేవాణ్ణి. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే అడిగేది.

"ఏమయ్యా, ఈ ఏడైనా ఈ ఊరివాళ్లమయ్యామా?"

"ఇంకా లేదు. పెట్టె విప్పకు."

"విప్పలేదులే. నువ్వే దాని మీద కూర్చుని అరగదీస్తున్నావు."

మొదట్లో ఆ మాట నిజంగానే అడిగేది. పోనుపోను అది మా ఇద్దరి పరాచికమైపోయింది. సేత్ పెద్దవాడయ్యాక వాడూ వంత పాడేవాడు.

వాడికి పదిహేడేళ్లు వచ్చేసరికి సముద్రం అవతలి రాజుతో యుద్ధం ముదిరింది. ఏ ఊరు ఎంతమంది సైనికుల్ని ఇవ్వాలో పైనుంచి లెక్క వచ్చింది. టామ్లిన్ లెక్కకి ఒక మనిషి తక్కువయ్యాడు. కేప్టెన్ స్ప్రాగ్ మా ఇంటికొచ్చి సేత్‌ని అడిగాడు. మేం ఉండే గుడిసె ఆయనదే, ఆయన పొలం చివర ఉంటుంది. వాడు ఎగిరి గంతేశాడు. లెక్క సరిపోయింది. ఆ వేసవిలోనే ఉత్తరాన సరస్సు పక్క శిబిరంలో మశూచి తగిలి పోయాడు. ఎక్కడ పూడ్చారో చెప్పగలిగినవాడు ఇంతవరకూ నాకు కనిపించలేదు. ఆ తర్వాతి ఏడు చలికాలంలో థాంక్‌ఫుల్‌కి జ్వరమొచ్చింది. అందులోంచి లేవలేదు.

మార్చిలో సభ మాత్రం జరుగుతూనే ఉంది. ఇంటికొస్తే అడిగే మనిషి లేదు. ఏడాదంతా ఎలాగో గడిచిపోయేది గానీ ఆ ఒక్క సాయంత్రం గుడిసెలోకి అడుగు పెట్టడానికి నాకు కాళ్లు వచ్చేవి కావు.

పదిహేడు వందల ఎనభై వసంతంలో మందిరం తలుపుకి కొత్త కాగితం కొట్టారు. మసాచుసెట్స్‌కి రాజ్యాంగం వచ్చింది, అందరూ వచ్చి తేల్చాలి అని. రెండేళ్ల కిందట ఒకటి వచ్చింది. అది బోస్టన్‌లో రోజూ చట్టాలు చేసే పెద్దమనుషులే రాసి పంపింది. ఊళ్లన్నీ తిప్పికొట్టాయి. తమ చేతులు కట్టే తాడు తామే పేనుకుంటే ముడి వదులుగా వేసుకోరా అన్నారు జనం. గోడల పనివాడిగా నాకా మాట వెంటనే బుర్రకెక్కింది. హద్దు ఎక్కడో తేల్చే పని ఆ పక్క పొలంవాడికే అప్పగిస్తే గోడ ఏ పక్కకి జరుగుతుందో నేను చాలాసార్లు చూశాను. అందుకని ఈసారి ఆ ఒక్క పనికే వేరే మనుషుల్ని ఎన్నుకున్నారు. వాళ్లు రాసింది ఊరూరికీ పంపారు. మూడింట రెండు వంతుల జనం ఒప్పుకుంటేనే అది రాజ్యాంగం. ఒప్పుకోనివాళ్లుంటే ఎందుకు ఒప్పుకోలేదో అది కూడా రాసి పంపాలి.

ఇంకో వింత ఉంది. మామూలుగా ఊరి సభలో చెయ్యెత్తాలంటే ఆస్తి ఉండాలి. ఈ ఒక్కసారికి ఆస్తి చూడరట. ఇరవై ఒకటి దాటి, ఎవరికీ బానిస కాని ప్రతి మగవాడూ రావచ్చు. నివాసి అయితే చాలు.

ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను.

మర్నాడు నేను పడిపోయిన గోడ ఎక్కిస్తుంటే కేప్టెన్ స్ప్రాగ్ గుర్రం దిగి వచ్చాడు.

"అసా, కాగితం చూశావా?"

"తలుపుకి కొట్టింది చూడకుండా లోపలికెలా వెళ్తామండీ."

"నువ్వూ రావాలి."

"నివాసి అని రాశారు కేప్టెన్ గారూ. నాకు హెచ్చరిక పడిందిగా."

"ఎప్పుడో పడింది. పాతబడిపోయింది."

"ఈ రాళ్లూ పాతవే. కాలి మీద పడితే మాత్రం కొత్తగానే ఉంటుంది."

ఆయన నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఏ మంచి పనికైనా ఇంకో పని జోడించి చేస్తాడు. "మూడింట రెండు వంతులు కావాలయ్యా. ఒక్కొక్క తలా కావాలి. నీ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు వచ్చి మా వైపు చెయ్యెత్తు చాలు," అన్నాడు.

సభ రోజున గడ్డం గీసుకుని, ఉన్న ఒక్క కోటూ దులిపి వేసుకుని వెళ్లాను. మందిరంలో వెనక బల్ల మీద, కూలికి పనిచేసేవాళ్ల మధ్య కూర్చున్నాను. వాళ్లకీ అదే మొదటి సభ. జోయెల్ అని వాదమ్ దగ్గర పనిచేసే కుర్రవాడు నా పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. కేప్టెన్‌ని అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ఆయన ఇంకా గొంతు సవరించుకుంటుండగానే లూథర్ వాదమ్ లేచాడు.

"చదవడం మొదలెట్టే ముందు ఒక మాట. అసా పైక్ ఇక్కడ కూర్చున్నాడు. అతను నివాసి కాడు. హెచ్చరిక చదివింది నేనే."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

"లూథర్, ఆయన మన మధ్య పదిహేడేళ్లుగా ఉంటున్నాడు," అన్నాడు కేప్టెన్.

"ఉండనీ. నాకు అతని మీద కోపం లేదు. మా దొడ్డి గోడ అతను కట్టిందే, మంచి గోడ. కానీ ఇవాళ రాజ్యాంగం కోసం నివాసి అంటాం. రేపు? నివాసి అన్నాక నివాసే. పూటకో రకంగా ఉండదు. అతనికి వెనకా ముందూ ఎవరూ లేరు. నడుం పడిపోయిన రోజున మన మెడకే చుట్టుకుంటాడు. చేతులెత్తేవాళ్లు అది తెలిసి ఎత్తండి."

"ఆయన కొడుకు మన ఊరి లెక్కలో యుద్ధానికి వెళ్లాడు," అని ఎవరో అన్నారు.

"వెళ్లాడు. నేను కాదనలేదు. అది వేరు, ఇది వేరు," అన్నాడు వాదమ్, కొంచెం మెల్లగా.

నేను లేచి నిలబడ్డాను. నోరు తెరవబోతే కేప్టెన్ చెయ్యడ్డం పెట్టాడు.

"అసా, నివాసి కానివాడు సభలో మాట్లాడకూడదు."

"నేను నివాసినా కాదా అన్న దాని గురించి కూడానా?"

"దాని గురించి అసలే కూడదు. నువ్వు కాసేపు బయట ఉండు. తేల్చి పిలుస్తాం."

మందిరం వెనక నేనే కట్టిన గోడ మీద కూర్చున్నాను. ఆపిల్ చెట్లు పూశాయి. నల్ల ఈగలు మెడ చుట్టూ ముసురుకుంటున్నాయి. లోపల్నుంచి గొంతులు వినిపిస్తున్నాయి గానీ మాటలు తెలియడం లేదు. మధ్యలో ఎవరో గట్టిగా నవ్వారు. నా మీదే నవ్వారో, ఇంకో సంగతి మీదో. కట్టేసిన గుర్రాలు నన్ను ఓసారి చూసి మళ్లీ గడ్డిలో తల పెట్టాయి. గోడకి అవతల సమాధులు. థాంక్‌ఫుల్ మూలన, వరస చివర ఉంది. హెచ్చరిక పడినవాళ్లని మూలనే పెడతారు. ఆవిడ ఉండి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. వాళ్లు తేల్చేలోపు ఆ ఊడిన రాయి సరిచెయ్యి అనేది. నిజంగానే నా పక్కన ఒక రాయి కదులుతోంది. దాన్ని సర్దుతూ కూర్చున్నాను. 

నాకప్పుడు కావలసింది చెయ్యెత్తడం కాదు. నిజం చెబుతున్నాను. రాజ్యాంగం నెగ్గినా ఓడినా నా రాళ్ల బరువు మారదు. మేం ముగ్గురం ఇక్కడ బతికామని ఈ మనుషులు ఒక్కసారి నోటితో అంటే చాలనిపించింది.

తలుపు తెరుచుకుంది. ఊరి గుమాస్తా పెలెగ్ బయటికొచ్చాడు. బడిలో పాఠాలు కూడా అతనే చెబుతాడు, వేళ్లకి ఎప్పుడూ సిరా ఉంటుంది.

"పైక్ గారూ, లోపలికి రండి," అన్నాడు.

ఈ ఊళ్లో నన్ను గారూ అని ఎవరైనా పిలవడం అదే మొదలు. ఇంకెవరినో పిలుస్తున్నాడేమో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. గుర్రాలు తప్ప ఎవరూ లేరు.

చేతులు ఎన్ని లేచాయో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వాదమ్ ముఖం చూస్తే అతను ఓడిపోయాడని తెలిసింది. కేప్టెన్ నాకేసి చూసి కన్ను గీటాడు. జోయెల్ జరిగి చోటిచ్చాడు.

పెలెగ్ చదవడం మొదలెట్టాడు. మనుషులందరూ పుట్టుకతో స్వతంత్రులు, సమానులు అన్నది మొదటి మాట. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమంటే ఎత్తాను. రోజూ బండలు ఎత్తే చెయ్యి ఆ రోజు ఉత్తి గాలిలోకి లేవడానికి బరువుగా అనిపించింది. తర్వాత చట్టం చేసేవాళ్లు ఒకరు, దాన్ని నడిపేవాళ్లు ఒకరు, తీర్పు చెప్పేవాళ్లు ఒకరు, ఎవరూ ఇంకొకరి పని ముట్టుకోకూడదని వచ్చింది. అది నాకు మహా నచ్చింది. మూడు దొడ్లు, మధ్యలో గోడలు. ఆ రాసినవాళ్లలో ఎవడో గొర్రెల్ని పెంచినవాడు ఉండాలి. మళ్లీ ఎత్తాను. అలా మధ్యాహ్నం దాకా సాగింది. నా జన్మలో అంత సంతోషంగా అంత విసుగ్గా ఎప్పుడూ కూర్చోలేదు.

ఆ తర్వాత ఎవరు ఓటెయ్యాలన్నది వచ్చింది. ఇక ముందు ప్రతినిధుల్ని, గవర్నర్‌ని ఎన్నుకోవాలంటే అరవై పౌండ్ల ఆస్తి గానీ, ఏడాదికి మూడు పౌండ్లు తెచ్చే నేల గానీ ఉండాలి. పెలెగ్ అది చదివి మా వైపు చూశాడు. వెనక బల్ల మీద ఎవరూ కదల్లేదు. మమ్మల్ని లోపలికి పిలిచి, తలుపు బయట పెట్టడానికి మా చేతులే ఎత్తమంటున్నారని అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

"దీనికి కారణం ఉంది," అన్నాడు కేప్టెన్. "ఏమీ లేనివాడు ఎవరు రొట్టె పెడితే వాళ్లకి చెయ్యెత్తుతాడు. వాడి ఓటు వాడిది కాదు, యజమానిది. అలాంటివాళ్ల చేతిలో దేశాన్ని పెట్టలేం. ఒప్పుకునేవాళ్లు?"

చేతులు కొన్ని లేచాయి, కొన్ని సగం లేచి ఆగాయి. కేప్టెన్‌కి చిరాకేసింది.

"ఇలా కాదు. సభ చీలండి. ఒప్పుకునేవాళ్లు కిటికీల వైపు, ఒప్పుకోనివాళ్లు ఉత్తరం గోడ వైపు."

అందరూ లేచారు. బల్లలు కిర్రుమన్నాయి. ఒకరి వెనక ఒకరు కిటికీల వైపు నడిచారు. కూలివాళ్లు కూడా. జోయెల్ ఎవరి మొహమూ చూడకుండా వెళ్లి వాదమ్ వెనక నిలబడ్డాడు. ఎవరి రొట్టె తింటున్నవాడు వాళ్ల వెనకే చేరాడు, కేప్టెన్ చెప్పింది నిజమేననిపించేలా. నేను పడుకునేది కేప్టెన్ గుడిసెలో. ఇవాళ ఈ చూరు కిందికి తెచ్చింది కూడా ఆయనే. ఆయన నాకేసి చూసి, తన పక్కన మనిషి పట్టేంత చోటు చేశాడు.

నేను ఉత్తరం గోడ వైపు నడిచాను.

ఎవరైనా వస్తారేమోనని చూశాను. రాలేదు. అటు ఊరంతా, ఎండలో. ఇటు నేను. ఆ గోడకి వీపు ఆనిస్తే చలికాలం ఇంకా అందులోనే ఉన్నట్టుంది. నాకు ఏడుపొచ్చింది. ఒంటరిగా ఉండడం నాకు కొత్త కాదు, కానీ ఇన్నేళ్లలో నా ఒంటరితనాన్ని ఎవరూ ఎదురుగా నిలబడి చూడలేదు. పొద్దున నన్ను తమవాడన్నవాళ్లకే ఎదురు నిలిచాను.

"అసా, పొరపాటున అటు వెళ్లావా?" అన్నాడు కేప్టెన్.

"లేదండీ. ఇటే."

"నీ కోసం ఇంత చేస్తే ఇదా? కృతజ్ఞత లేదా నీకు?"

"ఉండేదండీ. మూడు చలికాలాల కిందట, ఆ వెనకాల మూలన పూడ్చిపెట్టాం."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. కేప్టెన్ మొహం కందిపోయింది. పెలెగ్ కలం సిరాలో ముంచి నా దగ్గరికొచ్చాడు.

"పైక్ గారూ, కారణం చెప్పాలి. ఒప్పుకోనివాళ్లు ఎందుకో రాసి పంపమన్నారు."

నేను దానికి సిద్ధంగా లేను. నన్ను ఎవరైనా ఎప్పుడైనా ఎందుకని అడిగారా? రాయి ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టు అన్నారు గానీ.  పుట్టుకతో సమానులన్నది చెబుదామనుకున్నాను, అది వాళ్లూ ఇందాకే విన్నారు. కిటికీల వైపు చూస్తే కేప్టెన్ కనిపించాడు. మా గుమ్మంలో నిలబడి ఊరి లెక్కకి ఒక మనిషి తక్కువయ్యాడన్న రోజు కూడా ఆయన ఆ టోపీనే చేతిలో పట్టుకున్నాడు.

"రాసుకో బాబూ," అన్నాను. "మా సేత్‌ని ఈ ఊరి లెక్కలో రాసుకున్న రోజున వాడికి ఆస్తి ఎంతుందని ఎవరూ అడగలేదు."

కేప్టెన్ తల దించుకున్నాడు. టోపీ అంచు పట్టుకుని తిప్పుతూ ఉండిపోయాడు. నా వైపుకి మాత్రం రాలేదు. ఎవరూ రాలేదు. పెలెగ్ వంగి రాసుకున్నాడు. రాయడం అయ్యాక చదివి వినిపించాడు.

"వ్యతిరేకం, ఒకరు. అసాహెల్ పైక్, ఈ ఊరివాడు. కారణం..."

"ఆగు. ఆ ముందుది ఇంకోసారి చదువు."

"వ్యతిరేకం, ఒకరు అన్నదా?"

"దాని తర్వాతది."

"అసాహెల్ పైక్, ఈ ఊరివాడు."

"సరిగ్గానే రాశావు," అన్నాను.

ఆ అంశం నెగ్గింది. టామ్లిన్‌లోనే కాదు, మొత్తం రాజ్యాంగమే నెగ్గింది. ఆ శరదృతువులో గవర్నర్‌ని ఎన్నుకునేటప్పుడు నేను మళ్లీ బయట గోడ మీదే కూర్చున్నాను, ఆ తర్వాత జరిగిన ప్రతి ఎన్నికకీ అంతే. చెయ్యెత్తినవాణ్ణి ఆ ఒక్క రోజే.

సభ ముగిసి బయటికొస్తుంటే ఎవరూ నాతో కలిసి నడవలేదు. కేప్టెన్ గుర్రమెక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. గుడిసె ఖాళీ చెయ్యమంటాడేమో అనుకున్నాను. అనలేదు గానీ, ఆ తర్వాత గోడ పనికి నన్ను స్వయంగా వచ్చి పిలిచింది కూడా లేదు, మనిషిని పంపేవాడు. వాదమ్ మాత్రం దారిలో నా కోసం ఆగాడు.

"మొత్తానికి మా మెడకే చుట్టుకున్నావు," అన్నాడు.

"అవునండీ. గట్టిగానే పట్టుకుంటాను."

కొంత దూరం కలిసి నడిచాం. తన ఇంటి మలుపు దగ్గర ఆగి, గోడ మీద చెయ్యి వేసి, "ఆ రోజు నీ భార్య పెట్టిన పై లాంటిది నేను మళ్లీ తినలేదు. నీలం అంచు పళ్లెంలో పెట్టింది," అన్నాడు. గోడ మీంచి చెయ్యి తీసి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ పళ్లేన్ని చూసినవాళ్లలో బతికున్నది ఇక మేమిద్దరమే.

గుడిసెకొచ్చి పెట్టె ముందు కూర్చున్నాను. ఇన్నేళ్ల చెమ్మకి మూత బిగుసుకుపోయింది. రాళ్లు లేపే గునపం తెచ్చి లేపాల్సి వచ్చింది. గడ్డి పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. ఎలుకలు ఒక మూల గూడు పెట్టుకుని ఎప్పుడో ఖాళీ చేశాయి. పళ్లేలు మాత్రం మూడూ బాగానే ఉన్నాయి. ఒకదానికి అంచున చిన్న పెచ్చు లేచి ఉంది. అది ప్రయాణంలో లేచిందో, పుట్టింట్లోనే లేచిందో నాకు తెలియదు. అడుగుదామంటే తెలిసిన మనిషి లేదు.

కుండలో నీళ్లతో కడిగాను, చొక్కాతో తుడిచాను. గోడకి అర లేదు. ఇన్నాళ్లూ అవసరం రాలేదు. ఒక చెక్క ముక్క వెతికి రెండు మేకులు కొట్టి, రెండు పళ్లేలు దాని మీద నిలబెట్టాను. పెచ్చు లేచినదాంట్లో చల్లారిన బీన్సూ మొక్కజొన్న రొట్టే పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. పొయ్యి వైపు చూడకూడదనుకున్నాను. చూశాను.

ఏమయ్యా, ఈ ఏడైనా ఈ ఊరివాళ్లమయ్యామా?

అయ్యాం అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, అలా అనడానికి కనీసం ఇద్దరుండాలి.

"అయ్యాను," అన్నాను.